తర్వాత దిగాల్సినవాడు

పెద్దాయన వయసు ముప్ఫై ఆరు. బయట ఆ వయసువాణ్ణి ఇంకా కుర్రాడనే అంటారు గానీ, జట్టులో మాత్రం రెండేళ్ళ కిందటే పెద్దాయనను చేసి కూర్చోబెట్టారు. మొదటి సీజన్లోనే డబుల్ సెంచరీ బాది పేపర్లో ఫొటో వేయించుకున్నాడు. మరుసటేడు వరసగా నాలుగు సున్నాలు చుట్టి ఇంటికొచ్చాడు. అక్కణ్ణుంచీ అతని బతుకు పరాయివాళ్ళ ఎముకల మీద నడిచింది. ఎవడి వేలు విరిగినా ఇతనికి ఫోనొచ్చేది. ఆ వేలు అతుక్కోగానే ఫోను మూగబోయేది. మూడుసార్లు తీసేశారు, మూడుసార్లూ మళ్ళీ పిలిచారు.

నాలుగోసారి సంగతి ఈ రోజు తేలుతుంది. సీజన్లో ఇదే ఆఖరి మ్యాచ్. పై అంతస్తులో అద్దాల గదిలో సెలెక్టర్ కూర్చుని ఉన్నాడు. "ఇవాళ నీ ఆట చూసి, ఇంకో ఏడాది ఉంచాలో వద్దో చెప్తా" అని పొద్దున్నే చెప్పాడు. ఆట చూపించాలంటే ముందు ఎవడో ఒకడు అవుటవ్వాలి. ఎవడూ అవడం లేదు.

క్రీజులో ఒకడు కెప్టెన్, రెండోవాడు పెద్దాయన సొంత బావమరిది. బావమరిదికి బ్యాటు పట్టడం నేర్పింది తనే. అంత బాగా ఎందుకు నేర్పానా అని పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నాడు.

దానికి తోడు డ్రెస్సింగ్ రూంలో ఒక కట్టుబాటుంది. జోడీ కుదురుకుందంటే ఎవడి కుర్చీలో వాడు కదలకుండా కూర్చోవాలి. లేస్తే వికెట్ పడుతుందని కోచ్‌కి గట్టి నమ్మకం. పెద్దాయన ప్యాడ్లు కట్టుకుని, కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీలో నాలుగు గంటలుగా ఉన్నాడు. లంచ్‌లో లేవనిచ్చారు, మళ్ళీ అదే కుర్చీలోకి తోలారు.

"అన్నా, మోకాలు ఎందుకట్లా ఊపుతున్నావ్?" అన్నాడు మసాజ్ చేసే అతను.

"బాత్రూంకి పోవాలి."

"ఆపుకో. మీవాడు తొంభై నాలుగు మీదున్నాడు."

"వాడు తొంభై నాలుగు మీదుంటే నేను దేనిమీదున్నానో నీకేం తెలుసు?"

"లేచావంటే చూడు!" కోచ్ గోడవైపు నుంచే గదమాయించాడు. "రేపు వాడి అక్కకి నువ్వే జవాబు చెప్పుకోవాలి."

పెద్దాయన ఇంకో రెండు ఓవర్లు కూర్చున్నాడు. బావమరిది తొంభై ఏడుకొచ్చాడు. అప్పుడతను లేచాడు. నిజంగా ఆపుకోలేకే లేచాడు. ఒకవేళ లేస్తే వికెట్ పడే మాట నిజమైతే, అదీ కాస్త చూడొచ్చనే ఆలోచన ఉన్నమాట కూడా నిజమే. కోచ్ తల పట్టుకున్నాడు.

ప్యాడ్లు, గార్డూ ఉన్నవాడికి బాత్రూం పని రెండు నిమిషాల్లో అయ్యేది కాదు. సగంలో ఉండగా బయట ఒక్కపెట్టున అరుపు లేచింది. గోడ అవతలి నుంచి వింటే సంతోషానికీ గుండె బాదుకోవడానికీ తేడా తెలియదు. పెద్దాయనకు తెలిసింది ఒక్కటే: వికెట్ పడ్డాక మూడు నిమిషాల్లో తర్వాతివాడు బంతి ఎదుర్కోవడానికి సిద్ధంగా లేకపోతే, బంతి ఆడకుండానే అవుట్. అలా అవుటైతే కాంట్రాక్టు కాదు కదా, ముఖం కూడా మిగలదు.

హెల్మెట్ తగిలించుకుని, గ్లౌవ్స్ తొడుక్కుంటూ, బ్యాటు చంకన పెట్టుకుని మెట్ల మీద నుంచి ఒక్క పరుగు తీశాడు. కోచ్ వెనక నుంచి ఏదో కేకేశాడు. తిట్టేమోననుకుని ఆగలేదు. తల వంచుకుని గ్లౌవ్ పట్టీ బిగించుకుంటూ పిచ్ దగ్గరికెళ్ళి తలెత్తాడు.

ఎదురుగా బావమరిది బ్యాటు పైకెత్తి నిలబడి ఉన్నాడు. బోర్డు మీద నూట ఒకటి.

"ఏమయ్యా, ఎక్కడికి?" అన్నాడు అంపైర్.

పెద్దాయన చుట్టూ చూశాడు. పదమూడు మంది ఆటగాళ్ళు, ఇద్దరు అంపైర్లు, పైన సెలెక్టర్. తొడుక్కున్న గ్లౌవ్స్ మెల్లగా విప్పాడు.

"మావాడి గ్లౌవ్స్ చెమటకి తడిసిపోయుంటాయి. మారుద్దామని."

"అడక్కుండా వచ్చెయ్యడమేనా?"

"తప్పయిపోయింది సార్."

బావమరిది బావ ముఖం కేసి చూశాడు, ప్యాడ్ల కేసి చూశాడు. గ్లౌవ్స్ మార్చుకున్నాడు. పెద్దాయన తడి గ్లౌవ్స్ పట్టుకుని వెనక్కొచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. కోచ్ అతని వంక చూడలేదు. సాయంత్రందాకా వికెట్ పడలేదు. నూట అరవై దగ్గర బావమరిది ఉండగా కెప్టెన్ ఇక చాలని ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడు. పెద్దాయన ప్యాడ్లు విప్పాడు.

సెలెక్టర్ కిందికి దిగొచ్చాడు.

"నీ ఆట చూళ్ళేకపోయాను."

"నేనూ చూళ్ళేదు సార్."

"కానీ ఈ వయసులో ఓ కుర్రాడికి గ్లౌవ్స్ ఇవ్వడానికి అంత పరుగెత్తుకెళ్ళావే, అది చూశా. ఇలాంటివాడొకడు జట్టులో ఉండాలి. ఇంకో ఏడాది ఉండు. ఆడే అవకాశం పెద్దగా ఉండదులే. కుర్రాళ్ళని చూసుకుంటూ ఉండు."

పెద్దాయన థాంక్సన్నాడు.

ఇంటికి పోతూ కారులో బావమరిది అడిగాడు. "బావా, నిజంగా గ్లౌవ్స్ కోసమే వచ్చావా?"

"మరెందుకొస్తానురా?"

"హెల్మెట్ పెట్టుకునా?"

"ఎండ."

"మబ్బు పట్టి ఉంది కదా."

పెద్దాయన గేరు మార్చాడు. "అక్కతో చెప్పకు."

బావమరిది చెప్పలేదు. ఆ గ్లౌవ్స్ మాత్రం తిరిగివ్వలేదు.