పెద్దమ్మ కొట్టులో ఆగిన టేపు

మేం దూరం కొలుస్తూ పట్టుకొచ్చిన టేపు మా పెద్దమ్మ బట్టలు కుట్టే కొట్టులో, కొత్తగా పరిచిన టైల్స్ మధ్య ఆగింది. ఒక కొస నాన్న చేతిలో ఉంది, రెండోది నా చేతిలో. బడికి సెలవని నాన్నకు క్యారియరు ఇవ్వడానికి వెళ్లాను. టేపు పట్టే మనిషి రాకపోవడంతో ఆ పని నా మెడకు చుట్టుకుంది.

నాన్నది ఇంటర్నెట్ లైన్ల పని. భూమిలో వేసిన ఫైబర్ కేబుల్ తెగితే, ఎక్కడ తెగిందో కనిపెట్టి అతుకుతాడు. ఆ పొద్దుటి నుంచి పెద్దమ్మ వాళ్ల వీధిలో ఎవరికీ నెట్ లేదు. కేబుల్ ఎటు పోతోందో లొకేటర్ పట్టుకుని నడిస్తే అది కూత పెట్టి చెబుతుంది. ఎక్కడ తెగిందో మాత్రం చెప్పదు. దానికి వేరే మెషీను ఉంది. అది ఆఫీసు నుంచి కేబుల్ లోపలి గాజుపోగులోకి వెలుగు పంపి, ఆ వెలుగు ఎంత దూరం వెళ్లి ఆగిపోయిందో తెర మీద చూపిస్తుంది. ఆ దూరాన్ని నేల మీద కొలుచుకుంటూ వస్తే కొట్టులో తేలాం.

పెద్దమ్మ ఈమధ్యే కొట్టును ముందుకు జరిపి టైల్స్‌తో గచ్చు చేయించింది. కేబుల్ సరిగ్గా దాని కిందనుంచే పోతోంది. నాన్న పైనుండే సూపర్‌వైజరు గారికి ఇంకేం కావాలి. గచ్చు కోసం తవ్వినప్పుడే కేబుల్‌కు పలుగు తగిలి ఉంటుందని, ఇవాళ అది పూర్తిగా తెగిందని తేల్చేశారు. గచ్చు పగలగొట్టాల్సిందే అన్నారు. ఆ మాట మందుల షాపు ఆయన చెవిన పడింది. ఆయన నోట పడితే ఇక చెప్పాలా, జిరాక్స్ షాపు దాకా పాకింది. సోకుకు పోయి అందరి కొంపా ముంచిందని ఎవరో అన్నారు కూడా.

పెద్దమ్మ ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. కుట్టు మెషీన్లు రెండూ తనే బయటికి లాగి, కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతుండగా నాన్న ముందుకు వచ్చి నిలబడింది.

"మరిదీ, గచ్చు పోతే పోనీ, మళ్లీ వేయించుకుంటాను. వీధంతా నా వల్లే ఆగిపోయిందంటున్నారు చూడు, అది మాత్రం నేను మోయలేను. నిజంగా ఇక్కడేనా?"

నాన్న నేల చూపులు చూశాడు. నలుగురిలో ఆయనకు నోరు పెగలదు. నాకూ అంతే. మా ఇద్దర్నీ ఒక గదిలో పెడితే గోడలే మాట్లాడుకోవాలని అమ్మ అంటుంది. నాన్న, ఇంకో పరీక్ష చేసి చూస్తానని సూపర్‌వైజరు గారితో మెల్లగా అన్నాడు.

"వదినగారని సాగదీస్తున్నారా?"

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "కాదండీ, నా చుట్ట మీద నాకే నమ్మకం లేదు," అన్నాడు.

ఆ సంగతి దారిలో నాకు చెప్పాడు. కేబుల్ వేసేటప్పుడు రేపు అతుకులకు పనికొస్తుందని గుంతల్లో కొంత చుట్టలుగా చుట్టి వదులుతారు. వెలుగు ఆ చుట్టలన్నీ తిరిగి రావాలి, టేపు తిన్నగా వచ్చేస్తుంది. ప్లానులో ఉన్న చుట్టల లెక్క నాన్న ముందే తీసేశాడు. అయితే ఈ లైను వేసింది తనే. నీళ్ల ట్యాంకు మూల గుంత దగ్గర డ్రమ్ములో మిగిలిన కేబుల్‌ను కోసి పారేయడానికి మనసొప్పక, అంతా అక్కడే చుట్టి పడేశాడు. ఎంత చుట్టాడో గుర్తు లేదు. చూద్దామంటే ఆ గుంత మీద తారు వేసేశారు.

ట్యాంకు దాటాక, కొట్టుకు ఇవతల, ఒక జాయింట్ బాక్స్ ఉంది. నాన్న దాని మూత విప్పి, వెంట్రుకంత పోగును వేలి చుట్టూ మెల్లగా వంచాడు. అక్కడ కొంత వెలుగు పోగులోంచి జారిపోతుంది. ఆఫీసులో మెషీను దగ్గరున్న మనిషి, తెర మీద గీత మెట్టులా దిగిందని, అది ఎంత దూరంలో ఉందో ఫోనులో చెప్పాడు. ప్లాను ప్రకారం రావలసిన దానికన్నా అది చాలా ఎక్కువ. తేడా అంతా ట్యాంకు మూల చుట్టదే. ఇక ఆఫీసు నుంచి కాకుండా, తెగిన చోటి దూరంలోంచి బాక్స్ దూరం తీసేసి, మిగిలినంత ఆ బాక్స్ నుంచే కొత్తగా కొలిచాం. ఈసారి టేపు కొట్టు దాకా రానే లేదు. కాలువ అంచున ఆగింది.

అక్కడ తవ్వారు. కాలువ కింద కేబుల్ కోసం నాన్న వాళ్లు వేసిన పైపు అతుకు ఊడి పక్కకు జరిగింది. ఆ సందులోంచి రాయి దిగి కేబుల్ మీద కూర్చుంది. కేబుల్ అక్కడ చితికిపోయి ఉంది. సూపర్‌వైజరు గారు వంగి చూసి, కొత్త పైపు తెప్పించమని మాత్రం అన్నారు. ఆయన ఇక పెద్దమ్మ కొట్టు వైపు వెళ్లలేదు.

నాన్న చేతులు తుడుచుకుని కొట్టు వైపు వెళ్లాడు. మందుల షాపు ముందు నలుగురున్నారు. నేను వెనకే నిలబడ్డాను.

"మా పైపే ఊడిందండీ. వదిన గచ్చుకూ దీనికీ సంబంధం లేదు," అన్నాడు నాన్న, ఎవరి మొహమూ చూడకుండా.

మందుల షాపు ఆయన, అలాగా మంచిది, ఇంతకీ నెట్ ఎప్పుడొస్తుందని అడిగాడు.

పెద్దమ్మ కుట్టు మెషీను మీద చెయ్యి ఆనించి వింటోంది. "మరిదీ, జిరాక్స్ షాపు దాకా వినబడలేదు. ఇంకోసారి చెప్పు," అంది.

నాన్న నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత రోడ్డు మధ్యకు నడిచి, మొదటి మాట నుంచి మళ్లీ చెప్పాడు, ఈసారి గట్టిగా.