పోచమ్మ వచ్చినట్టా, రానట్టా

...వస్తువు కదలదు, దాని స్థితి ఒక్కటే అటు చేరుతుంది, ఇక్కడిదానికి ఆ స్థితి మిగలదు, అని నిన్న ఇంటర్ పిల్లలకు క్వాంటం టెలిపోర్టేషన్ గురించి చెప్పి ఊరుకోవచ్చు కదా, ఇంటికొచ్చి అత్తమ్మకూ చెప్పాను, నా నోరు ఊరుకోదు, ఇప్పుడు బోనం కుండకు పసుపు పూస్తుంటే దుర్గవ్వ అత్తమ్మ గడపలో కూర్చుని అదే పట్టుకుంది, స్వర్ణా, మనుషులు గూడ గట్ల పోతరా, లేదత్తమ్మా, ఇప్పటికైతే కాంతి కణాలు, పరమాణువులు, అంతే, మనకు గీ విమానాలే గతి, అంటుండగానే ఒకటి నెత్తి మీదుగా దిగింది, రేకులు అదిరాయి, మామిడిపల్లి పక్కనున్న ఈ కాలనీలో మాట సగంలో ఆపి, విమానం పోయాక మిగతా సగం చెప్పడం అందరికీ అలవాటే, మరి నడుమల దీపం ఆరితె, అంది అత్తమ్మ, ఓహో, సంగతి ఇదా.

పాత ఊరు ఎయిర్‌పోర్టు కింద పోయినప్పుడు పోచమ్మను కొత్త గుడికి తేవడానికి పాత గద్దె మీది దీపాన్ని ఆరకుండా పట్టుకు రావాలని పెద్దల కట్టడి, సగం దారిలో లారీ గాలికి అది ఆరితే కుర్మయ్య మామయ్య అగ్గిపుల్ల గీసి ముట్టించాడట, ఏమైతదే, అగ్గి అగ్గే గదా అని, ఇంకేముంది, తల్లి ఆన్నే ఆగిపోయింది అని అత్తమ్మ పట్టు, అప్పటినుంచి ఏ ఆషాఢంలోనూ ఆమె బోనం ఎత్తలేదు, కోడలిగా వచ్చాక నేనే ఎత్తుతున్నాను, వాకిట్లో నిలబడి నన్నే చూస్తుంది, ఏం చెప్పను, కణాల లెక్క దేవతకు పనికిరాదు, అబద్ధం చెప్పలేను, కానీ పాఠంలో ఒక ముక్క మిగిలింది, ఈ చివర కొలిచిందేమిటో మామూలు దారిలోనే, ఫోనులోనో మనిషితోనో, ఆ చివరకు కబురు పోవాలి, కబురు అందకపోతే అక్కడ పని పూర్తి కాదు, అత్తమ్మా, దీపం ఆరినంక నువ్వేం జేసినవ్, ఏం జేస్త, మీ మామను తిట్టిన, ఆ తర్వాత, రాయే తల్లీ రాయే అని పిలుచుకుంట నడిచిన, గుడి వచ్చేదాక నోరు మూయలే, గొంతే పోయింది, అయితే ఇగ పరేషాన్ ఎందుకత్తమ్మా, కబురు నువ్వు మోసుకొచ్చినవ్ గదా, పోవే, సదువుకున్నదానివని ఏమన్న జెప్తవ్.

అంటూనే లేచింది, కాళ్లు కడుక్కుంది, నెత్తిన చుట్టబట్ట తనే పెట్టుకుంది, జర పట్టు, అంది, కుండ ఎత్తి పెట్టాను, అమ్మో ఎంత హాయిగా ఉందో, ఎదురింటి భాగ్యమ్మ, ఓ దుర్గవ్వక్క బోనమెత్తిందే, అని గల్లీ అంతా వినిపించేలా అరిచింది, అత్తమ్మ ముందు నడుస్తూ ఎడమ పక్క ఇళ్లను చూసి, పాతూర్ల గీ జాగల పెంటయ్య ఇల్లు, దాని ఎనక చింతచెట్టు, అంటోంది, అవును, ఆ వెనక అనంతయ్య కొట్టం, అని నేనే అందించాను, అందించి ఆగిపోయాను, ఆ ఊరిని నేను ఒక్కనాడూ చూడలేదు, నా పెళ్లినాటికే అది లేదు, అంతా అత్తమ్మ నోట విన్నదే, దేవత సంగతి నాకు తెలియదు గానీ, ఊరు మాత్రం నా దాకా వచ్చేసింది.