గొలుసు మీద గొలుసు

లుపెరోన్ అఖాతంలో లంగరేసుకున్న పడవవాళ్లందరూ పొద్దున్నే రేడియో దగ్గర చేరతారు. ఎవరి దగ్గర పాత పంపు ఉంది, ఎవరికి గ్యాసు అయిపోయింది, సాయంత్రం ఒడ్డున ఏం వండుతున్నారు, అన్నీ అందులోనే తేలాలి. ఆ పూట వాతావరణం చెప్పే ఆయన, తూర్పుగాలి రేపటి నుంచి మూడు రోజులు మెత్తబడుతుందన్నాడు. నెలీదా చేతిలో సూది ఆగిపోయింది.

ఉరుగ్వే నుంచి మొగుడితో బయల్దేరినప్పటి నుంచి ఆమె కాపురం పడవలోనే. చిరిగిన తెరచాపలు కుట్టి, బదులుగా ఒకరి దగ్గర బ్యాటరీ, ఒకరి దగ్గర చేపలు తీసుకుంటుంది. స్నేహాలనూ అలాగే తూచుకుంటుంది. ఒక రేవులో మోయగలిగినంత పోగుచేసుకోవాలి, బరువెక్కకముందే కదలాలి. లుపెరోన్‌లో ఆ లెక్క తప్పింది. బుధవారం ఒడ్డున యుదెల్కా తిండికొట్టులో డామినోలు, ఆదివారం ఇసుకలో పొయ్యి. అలవాటు పడుతున్నకొద్దీ ఆమెకు నిద్ర తగ్గింది. తుఫానుల నెలలు దగ్గరపడ్డాయి. ఎదురుగాలి తగ్గే ఈ మూడు రోజులు జారిపోతే ఆరు నెలలు ఇక్కడే.

మొగుడు ఫాబియాన్ లంగరు గొలుసు చూడ్డానికి బురదనీళ్లలో మునిగి, తల తుడుచుకుంటూ పైకొచ్చాడు.

"మన గొలుసు మీద డోన్ అన్సెల్మో గొలుసు అడ్డంగా పడుంది. మొన్నటి గాలివానకి ఆయన పడవ జారొచ్చింది. ఆయన లేస్తేగానీ మనం లేవం."

"అయితే లెమ్మను. జారింది ఆయన, జరగాల్సిందీ ఆయనే."

"నువ్వే చెప్పు. నేనంటే పాఠం మొదలెడతాడు."

డోన్ అన్సెల్మో ఆ అఖాతానికి పెద్ద. కొత్తగా వచ్చిన ప్రతివాడూ మోనా జలసంధి ఎలా దాటాలో ఆయన్నే అడుగుతాడు. కొట్టులో నీడపట్టున ఉన్న కుర్చీ ఆయనది, అందులో ఇంకెవరూ కూర్చోరు. నెలీదా వెళ్లేసరికి డామినో బిళ్లను బల్ల మీద ఠపీమని కొడుతున్నాడు.

"డోన్ అన్సెల్మో, కాస్త ఇంజిన్ వేసి పక్కకు జరగండి. రేపు పొద్దున్నే మేం పోవాలి."

"ఆట మధ్యలో లంగరు మాటేంటి పిల్లా? రేపు ఆటుపోటు చూసి జరుగుతాలే. ఎలాగూ నేనూ పోయేవాణ్ణే."

యుదెల్కా వేయించిన అరటిముక్కల పళ్లెం పెడుతూ నవ్వింది. "నమ్మకు బంగారం! ఈయన నా దగ్గర వీడ్కోలు విందే నాలుగుసార్లు తిన్నాడు. పోయింది మాత్రం లేదు."

"నీ వంట వదల్లేక ఆగానే!"

"ఆ మాట అరటికాయలకి చెప్పు."

అందరూ నవ్వారు. నెలీదాకు నవ్వు రాలేదు. మధ్యాహ్నం ఆయన ఇంటికి, అంటే పడవకు చేరాక, తన రబ్బరు పడవ వేసుకుని మళ్లీ వెళ్లింది. ఆయన పైకి రమ్మనలేదు. ఎవర్నీ రమ్మనడు. తాడు పట్టుకుని పడవ వెనకభాగం పక్కన నిలబడ్డప్పుడు ఆమె కళ్లు ఇంజిన్ పొగ వచ్చే గొట్టం మీద పడ్డాయి. గొట్టం నోరంతా కందిరీగల మట్టిగూడు. ఎండి బీటలు వారి, దాని మీద మళ్లీ కొత్త మట్టి.

ఆయన ఆమె చూపు వెంటే చూశాడు. ఆరేసిన తువ్వాలు తీసి ఆ గొట్టం మీదికి వేలాడేలా వేశాడు.

"ఎండ మాడిపోతోంది. పడవకి పో పిల్లా."

తిరిగి వస్తూ ఆమె లెక్క వేసుకుంది. ఆయన ఇంజిన్ ఎప్పుడో చచ్చింది కాబట్టి నెట్టి జరపండని రేడియోలో అంటే పది నిమిషాల్లో పని అయిపోతుంది. కానీ వచ్చే బుధవారం నుంచి ఆ కుర్చీలో ఆయన ఒక జాలిపడాల్సిన ముసలాడు. ఏమీ అనకపోతే గాలి పోతుంది. గొలుసు కోసుకుని పోతే తర్వాతి రేవులో దేంతో నిలబడతాం? తన దగ్గర ఖర్చుపెట్టగలిగింది ఒక్కటే కనిపించింది. ఈ అఖాతంలో లంగరు వెయ్యడంలో నెలీదాను మించినవాళ్లు లేరని పేరుంది. ఊరికి పోయేవాళ్లు తమ పడవల్ని ఆమెకే అప్పజెప్పి పోతారు. ఆ పేరు కూడగట్టడానికి చాలా రేవులు పట్టింది.

మర్నాడు పొద్దున్నే రేడియో తీసింది.

"అందరికీ నమస్కారం. ఒక తప్పు చేశాను. నా లంగరు డోన్ అన్సెల్మోకి మరీ దగ్గరగా వేసి, మా గొలుసు ఆయన గొలుసు కిందికి పోనిచ్చాను. పైగా మా పాత తాడొకటి అక్కడే తేలుతోంది, పడవ కింది ఫ్యానుకి చుట్టుకుంటుంది. డోన్ అన్సెల్మో, మీరు దయచేసి ఇంజిన్ ముట్టుకోవద్దు. రబ్బరు పడవలున్నవాళ్లు వచ్చి ఆయన్ని కాస్త పక్కకి నెట్టండి."

రేడియో గరగరలోంచి ఎవరో "నెలీదాయేనా ఇది?" అన్నారు. ఇంకెవరో ఈల వేశారు.

రబ్బరు పడవలు రెండు పక్కలా అతుక్కుని నెట్టాయి. డోన్ అన్సెల్మో చుక్కాని పట్టుకుని ఓడకు కెప్టెన్‌లా నిలబడి అందరినీ కేకలేశాడు. ఆయన గొలుసు లేచింది, దాని కింది నుంచి వీళ్లదీ లేచింది. ఆయన లంగరు మళ్లీ పడిందో లేదో, రేడియోలో గొంతు వినిపించింది.

"పిల్లా, లంగరు వేసేముందు పక్కవాడి గొలుసు ఎటుందో అడగాలి. మొదటి పాఠం అది. మా రోజుల్లో ఇలాంటి పని చేస్తే రేవులోంచి తరిమేవాళ్లు..."

పాఠం ఆగలేదు. అఖాతం అంతా వింటోంది, అక్కడక్కడా కిసుక్కుమంటోంది. నెలీదా చెవులు వేడెక్కాయి. ఇంత సాగదీస్తాడనుకోలేదు.

ఫాబియాన్ మైకు లాక్కోబోయాడు. "జారొచ్చింది తను! ఈయనకి సిగ్గుండాలి."

"వదిలెయ్."

"నీ పేరు పోతోందే!"

"పోయిందిలే. గొలుసు కడిగి లోపల వెయ్."

పడవ కదిలింది. డోన్ అన్సెల్మో గొంతు కొంచెం తగ్గింది. "సరే, తర్వాతి గాలికి నేనూ వస్తున్నా. సాలినాస్ రేవులో నాకొక చోటు పట్టి ఉంచు."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఏమంటుందోనని చూస్తున్నట్టుంది. మట్టిగూడు మాట నోటిదాకా వచ్చింది, మింగేసింది.

"పట్టి ఉంచుతాను డోన్ అన్సెల్మో. మరీ పక్కన మాత్రం కాదు."

ఈసారి అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. అఖాతం మూతి దాటగానే మొదటి అల పడవ ముక్కుకు తగిలింది. తెరచాప ఎత్తమని ఫాబియాన్ అరుస్తున్నాడు. ఆమె అప్పటికే తాడు లాగుతోంది.