మొదటి యాభై ఆటలు

చిన్నమాస్టరు తలకు రంగు వేసుకోవడం మొదలుపెట్టి చాలా కాలమైంది. అయినా అన్నగారు తనకు అన్యాయం చేశాడన్న బాధ మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. పొలం పుట్రా విషయంలో జరిగిన అన్యాయమైతే నలుగురికీ చెప్పుకోవచ్చు. ఇది వీడియో గేమ్ విషయంలో జరిగింది. అందుకే ఎవరికీ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయేవాడు.

వాళ్ల నాన్న దర్జీ. కొడుకులిద్దరూ అదే దుకాణంలో కత్తెర పట్టి పెద్దమాస్టరు, చిన్నమాస్టరు అయ్యారు. పిల్లలిద్దరూ చిన్నగా ఉన్నప్పుడు ఒక గేమ్ డబ్బా కొన్నాడు. దాంతోపాటు పసుపురంగు క్యాసెట్ ఒకటి వచ్చింది. దాని మీద వంద ఆటలు అని అచ్చేసి ఉంది. అన్నదమ్ములు దాని కోసం కుక్కల్లా కొట్టుకుంటుంటే, ఆయన తనకు తెలిసిన పద్ధతిలోనే తగువు తీర్చాడు. మధ్యకు మడిచి కత్తిరించాడు. ఒకటి నుంచి యాభై పెద్దోడివి, ఆ తర్వాతవన్నీ చిన్నోడివి. చిన్నోడు ట్యూషన్‌కు వెళ్లినప్పుడు పెద్దోడు ఆడుకోవాలి, పెద్దోడు దుకాణంలో గుండీలు కుడుతున్నప్పుడు చిన్నోడు ఆడుకోవాలి. ఒకడి నంబరు మీద ఇంకొకడు చెయ్యేస్తే క్యాసెట్ మురిక్కాలువలో పడుతుంది. ఆయన అన్నంత పనీ చేసే మనిషి.

చిన్నమాస్టరుకు తన ఆటలంటే ఇష్టం లేకపోలేదు. యాభై ఒకటో నంబరు 'ఐరన్ ఫోర్ట్'లో ట్యాంకులు ఏ మూల నుంచి వస్తాయో కళ్లు మూసుకుని చెప్పగలడు. యాభై ఎనిమిదిలో బాతుల వేట, అరవై మూడులో బురదలో మోటారు సైకిలు అతనికి ప్రాణం. కానీ పడుకునే ముందు అన్నగారు మొదలుపెట్టేవాడు. తన ఒకటో నంబరులో ట్యాంకు ఎక్కగానే వంతెన కూలుతుందనీ, ఎనిమిదో నంబరులో రాజుగారు స్వయంగా వచ్చి దండ వేస్తారనీ చెప్పి, 'పాపం, నీకున్నవి ఆ బాతులేగా' అని జాలిపడేవాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఇక్కడ పొరుగిల్లు కూడా కాదు, పక్క దిండు.

ఒక్కసారి ఆ నంబర్లు నొక్కి చూస్తే పోయేది కదా అనిపిస్తుంది. అతనికీ అనిపించింది, భయం అడ్డొచ్చింది. పెద్దయ్యాక ఆ భయం పోయింది కానీ, అప్పటికే దాన్ని నీతి అని పిలుచుకోవడం అలవాటైపోయింది. నాన్న పోయాక కూడా, సెలవురోజున దుకాణం వెనక గదిలోని పాత టీవీ ముందు పొద్దున తమ్ముడు, మధ్యాహ్నం అన్న ఎవరి సగం వాళ్లు ఆడుకుని వెళ్లేవారు. గడ్డాలు నెరిసినా ఒకరి ముందు ఒకరు గీత దాటలేదు. మనవాళ్లు ఇలాంటివాటిలో భలే నిజాయితీగా ఉంటారు.

చివరికి దుకాణం పంచుకోవాల్సిన రోజు వచ్చింది. ఉన్నవి రెండు గదులు. ముందు గదికి వీధివైపు నిలువెత్తు కిటికీ అద్దం, పగలంతా ధారాళంగా వెలుతురు. వెనక గదికి కిటికీ లేదు, ఆగి ఆగి వెలిగే ట్యూబులైటు ఒకటి. ఆ లైటు కింద కూర్చుని మెడపట్టీలకు, చేతుల అంచులకు చేతిపని చేసేది చిన్నమాస్టరు భార్య. వచ్చే బేరాల్లో సగం ఆవిడ పని చూసి వచ్చేవే. నల్లబట్ట మీద నల్లదారం కుట్టీ కుట్టీ ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారడం మొదలైంది. పగటి వెలుతురులో కుట్టుకో, లేదా ఈ పని మానెయ్యి అని కళ్ల డాక్టరు చెప్పేశాడు. అందుకే ఆ పొద్దున ఆవిడ మొగుణ్ని ఒకే ఒక్క మాట అడిగింది. మిషన్లు పోయినా ఫర్వాలేదు, ముందు గది మాత్రం వదలొద్దంది. ఆ మాత్రం తనకు తెలియదా అని అతను విసుక్కుంటూ వెళ్లాడు.

పంచడానికి మేనమామ వచ్చాడు. ఆయనకూ ఆవిడ కళ్ల సంగతి తెలుసు కాబట్టి, అడగకముందే ముందు గది చిన్నవాడికన్నాడు. పెద్దమాస్టరు మొహం మాడ్చుకునే తలూపాడు. కత్తెరలు, మిషన్లు, ఇస్త్రీపెట్టెలు చెరి సగం అయ్యాయి. చివరికి గేమ్ డబ్బా బల్లమీదికి వచ్చింది. చిన్నమాస్టరు గొంతు సవరించుకుని, మొదటి యాభై కూడా తనకే కావాలన్నాడు.

పెద్దమాస్టరు గుండె పట్టుకున్నాడు. "మామయ్యా, నా మిషన్లు కూడా తీసుకోమనండి. అవి మాత్రం అడగొద్దని చెప్పండి. నా చిన్నతనమంతా అందులోనే ఉంది." కాసేపు కళ్లు తుడుచుకుని, కొంచెం మెత్తబడ్డట్టు, "మరీ అంత ముచ్చటపడుతున్నాడు కాబట్టి... ముందు గది నాకిచ్చి తీసుకోమనండి," అన్నాడు.

ఇంట్లో ఓ మాట అడిగి రమ్మన్నాడు మేనమామ. ఆవిడకు ఇవన్నీ ఏం తెలుసన్నాడు చిన్నమాస్టరు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పెళ్లాం వెలుతురు తీసి అన్న చేతిలో పెట్టాడు.

గేమ్ డబ్బాను తువ్వాల్లో చుట్టి, పురిటిబిడ్డను తెచ్చినట్టు ఇంటికి తెచ్చాడు. గది సంగతి ఆ మాటా ఈ మాటా చెప్పి, మధ్యలో ఇరికించాడు. ఆవిడ చేతిలోని బట్ట మడతపెట్టి ఊరుకుంది. పెళ్లాం మాట్లాడకపోతే ఒప్పుకుందనుకోవడం మొగుళ్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. అతను హాయిగా ఊపిరి పీల్చుకుని క్యాసెట్ గుచ్చాడు.

ఒకటో నంబరు. పేరు 'ట్యాంక్ కింగ్'. నొక్కాడు.

అదే కోట, అవే నాలుగు ట్యాంకులు, అవే మూలల నుంచి. క్యాసెట్ సరిగా కూర్చోలేదేమోనని పైకి లాగి, మూతి పెట్టి గట్టిగా ఊది, మళ్లీ గుచ్చాడు. అదే కోట. ఎనిమిది నొక్కితే బాతులు ఎగిరాయి. పదమూడు నొక్కితే బురదలో మోటారు సైకిలు వచ్చింది. వంతెన లేదు, రాజుగారు లేరు. పేర్లు వేరు, ఇటుకల రంగు వేరు, తక్కినదంతా తను ఎన్నో ఏళ్లుగా ఆడుతున్నదే. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారు. ఈ ఎలుక మొదటి నుంచీ వాళ్లింట్లోదే.

భార్య ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. పెళ్లయిన కొత్తలో అతనే ఆవిడకు ఈ ఆటలన్నీ నేర్పాడు.

"ఇది మీ యాభై ఒకటే కదా," అంది.

"కాదు. ఇటుకల రంగు చూడు."

"చూశాను."

ఆవిడ మడతపెట్టిన బట్ట తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. కనీసం అన్నకు ఈ సంగతి తెలిసి ఉండదులే, పాపం వాడూ నాన్న మాట జవదాటనివాడే కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు దుకాణం తెరవగానే, ఆటలు ఎలా ఉన్నాయని పెద్దమాస్టరు అడిగాడు. తమ్ముడు పరువు నిలుపుకోవాలి కదా. అద్భుతంగా ఉన్నాయనీ, వంతెన కూలే చోట ఒళ్లు గగుర్పొడిచిందనీ చెప్పాడు. అన్నగారు ఒక క్షణం నోరు తెరిచాడు. ఆ వెంటనే బట్టలు సర్దుతున్నట్టు గోడవైపు తిరిగాడు. అతని భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చిన్నమాస్టరు ఆ భుజాలనే చూస్తూ నిలబడ్డాడు. వాడు ఎప్పుడో దొంగచాటుగా తమ్ముడి నంబర్లు నొక్కి చూశాడు, వాడికి మొదటి నుంచీ తెలుసు. వేలికి సూది దిగినట్టయింది.

అంతలో భార్య కుట్టుబుట్ట తెచ్చుకుని, ముందు గదిలో అద్దం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పెద్దమాస్టరు నవ్వు ఆపుకుని, "నీ చోటు వెనక గది కదమ్మా," అన్నాడు.

"వెనక గదిలోనే కూర్చున్నాను బావగారూ," అంది ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ. "మీరు ఒక్క ఆటకే రెండు పేర్లుంటే రెండు ఆటలని అమ్మారు. మీ తమ్ముడు కొన్నారు. పేరు మారితే సరుకు మారిపోతుందని మీ ఇద్దరికీ ఒప్పందమే కదా. అందుకని నేను ఈ గదికి వెనక గది అని పేరు పెట్టుకున్నాను."

పెద్దమాస్టరు మొహంలో నవ్వు ఆరిపోయింది. మేనమామ ముందు ఇచ్చిన మాట ఏమైందని తమ్ముడి మీద గుడ్లురిమాడు. చిన్నమాస్టరు అన్నవైపు చూడలేదు. భార్య చేతివైపు చూశాడు. రోజూ నాలుగైదుసార్లు తడిపి, మెలిపెట్టి, తిట్టుకుంటూ ఎక్కించే దారం ఆ ఎండలో ఒక్కసారికే సూదిలోకి వెళ్లింది. ఇన్నాళ్లూ అది ఎందుకు కనపడలేదా అని అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

అతను వంగి, అప్పుడే ముందు గదిలో వేసుకున్న అన్నగారి కత్తిరింపు బల్లకు ఒక చివర పట్టుకున్నాడు.

"రెండో వైపు పట్టుకో అన్నయ్యా," అన్నాడు. "లోపలికి జరుపుదాం."