మూడో జత

అల్లూరు చర్చిలో వేదిక మీద నేలకు ఆనించి పెట్టిన పాత స్పీకర్లు ఆ వేసవికి పూర్తిగా మొరాయించాయి. పాడేవాళ్లకు తమ గొంతు తమకు వినపడటానికి పెట్టినవి అవి. వాటి చప్పుడు మళ్లీ మైకుల్లోకి దూరి, ప్రార్థన మధ్యలో కీచుమని అరిచేది. ముందు బెంచీలో కూర్చునే రెబెక్కమ్మ రెండు చెవులూ మూసుకుని, పాస్టరు వైపు తిరిగి, "అయ్యగారూ, దీన్ని ఏమన్నా చెయ్యండి, నా ప్రాణం పోతా ఉంది" అని అందరికీ వినపడేలా అనేది.

సంఘపెద్ద క్రీస్తురాజు రొయ్యల మేత వ్యాపారి. చెన్నైలో బంధువుల పెళ్లికి వెళ్లినప్పుడు, అక్కడ పాడేవాళ్లు చెవుల్లో చిన్న మానిటర్లు పెట్టుకుని పాడటం చూసి వచ్చాడు. చూడటానికి మామూలు ఇయర్‌ఫోన్లలాగే ఉంటాయి గానీ, సౌండ్ మిక్సర్ నుంచి ఎవరి గొంతు వాళ్ల చెవిలోకి సూటిగా వస్తుంది. స్పీకర్లతో పనే లేదు. మన చర్చికీ అవే తెప్పిస్తానన్నాడు.

"ఏ రకం మంచిదో నాకేం తెలుసు. మన మైకులు చూసే పెంచలకృష్ణ రెండు మూడు రకాలు తెస్తాడు. పాడేది మన షారన్ గదా, ఆ పాపే విని చెప్తాది" అన్నాడు.

ఆ పాపకు ముప్పై అయిదు దాటింది. షారన్ ఊళ్లోనే ఒక ఆక్వా ల్యాబ్‌లో పని చేసేది. రైతులు సీసాల్లో పట్టి తెచ్చిన రొయ్యల గుంటల నీళ్లు పరీక్షించి, ఉప్పెంత ఉందో, అమ్మోనియా ఎంత ఉందో చెప్పి పంపేది. ఒకసారి పెళ్లి కుదిరి, అవతలివాళ్లు మనసు మార్చుకున్నారు. తర్వాత అమ్మ జబ్బు, ఆ తర్వాత అమ్మ పోవడం, అలా ఏళ్లు దొర్లిపోయాయి. అన్న హెబ్రోను ఇంట్లోనే ఉంటోంది. వదిన కరుణాకుమారి మంచి మనిషి. ఆ ఇంట్లో షారన్‌ను ఎవరూ పల్లెత్తు మాట అనరు. అయితే ఆమెతో ప్రత్యేకంగా మాట్లాడవలసిందీ ఎవరికీ ఏమీ ఉండదు. ఆదివారం పాట ఎత్తుకున్నప్పుడు మాత్రం చర్చి అంతా ఆమె గొంతు కోసం తలెత్తేది.

పెంచలకృష్ణది విడవలూరు. నాన్నకు వరి పొలం ఉన్నా అతనికి మడిలో మనసు నిలవలేదు. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు, సభలకు మైకు సెట్లు పెట్టేవాడు. చర్చిలో సౌండ్ చూసుకోవడం మొదలుపెట్టి చాలాకాలమే అయింది. ప్రతి ఆదివారం తలుపు పక్కన మిక్సర్ ముందు కూర్చుని, తన దేవుడు కాని దేవుడి పాటలను శ్రద్ధగా సరిచేసి, వైర్లు చుట్టుకుని వెళ్లిపోయేవాడు. పాడే ఆడవాళ్లందరినీ 'అక్కా' అనేవాడు, ఒక్క షారన్‌ను తప్ప. ఆమెను 'షారన్ గారూ' అనేవాడు. ఊళ్లో చిన్నాపెద్దా అతన్ని 'పెంచలన్నా' అనేవాళ్లు. షారన్ నోట ఆ పిలుపు ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

మానిటర్లు విని చూడటానికి, ల్యాబ్ మూశాక సాయంత్రం వెలుగుండగానే షారన్ చర్చికి వెళ్లేది. చర్చి ఊడ్చే మనిషి గుమ్మం దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ ఉండేది. మొదటి రోజు పెంచలకృష్ణ మూడు జతలు బల్ల మీద వరుసగా పెట్టాడు. సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా ఒకటి ఇచ్చి నడుముకు తగిలించుకోమన్నాడు.

"నాకు వీటి గురించి ఏమీ తెలియదండీ" అంది షారన్.

"తెలియాల్సిన పని లేదు. ఎట్లా ఉందో మీ మాటల్లో చెప్పండి. మిగతాది నేను చూసుకుంటా."

మొదటి జత పెట్టుకుని ఒక చరణం పాడింది. తన గొంతు పెద్ద బానలోంచి వస్తున్నట్టు అనిపించింది. కింది స్వరాలు ఉబ్బి, మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అదే చెప్పబోయేంతలో, చెవిలోనే ఎవరో అన్నారు: "షారన్ గారూ, నేను మాట్లాడేది వినపడతా ఉందా?"

ఆమె ఉలిక్కిపడి పక్కకు తిరిగింది. పక్కన ఎవరూ లేరు. అతను అంత దూరాన, తలుపు దగ్గర, మైకు మీదికి వంగి ఉన్నాడు.

"ఇది టాక్‌బ్యాక్. నేను ఈ బటన్ నొక్కి మాట్లాడితే మీకొక్కరికే వినపడతాది. పాట మధ్యలో ఏమన్నా చెప్పాల్సి వస్తే పనికొస్తాది."

రెండో జతలో గొంతు తేటగా ఉంది గానీ 'స' అక్షరం వచ్చినప్పుడల్లా చెవిలో సూదిలా గుచ్చుకుంది. కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టుందని చెప్పింది. అతను నవ్వి, మీటలు ఏవో కిందికీ పైకీ జరిపాడు. ఆవాలు కాస్త తగ్గాయి, పోలేదు.

మూడో జత పెట్టుకోగానే బయటి లోకం ఆగిపోయింది. ఫ్యాన్ల చప్పుడు లేదు, రోడ్డు మీద లారీల చప్పుడు లేదు. తను గుటక వేయడం తనకు వినపడింది. పాడితే ఆ గొంతు తన లోపల ఎలా ఉంటుందో అలాగే ఉంది. పాట అయ్యాక అతను, "ఇప్పుడు ఎట్లా ఉంది?" అన్నాడు.

మొదటి జతలో అతని గొంతు బండగా, ఎవరో పెద్దమనిషి గొంతులా వినపడింది. రెండో దాంట్లో ఫోనులో మాట్లాడినట్టు పలచగా ఉంది. ఇందులో అతని గొంతే ఉంది. కొసన కాస్త బొంగురు, మాట మొదలుపెట్టేముందు ఒక చిన్న తటపటాయింపు, అన్నీ ఉన్నాయి. అంత దగ్గరగా ఆమెతో ఎవరూ మాట్లాడి ఎన్నో ఏళ్లయింది.

"ఇది బాగుంది" అనాలి. "ఇప్పుడే చెప్పలేనండీ. ఇంకోసారి విందాం" అంది.

ఆ ఇంకోసారి చాలాసార్లయింది. ఒకరోజు రెండోదీ మూడోదీ పక్కపక్కన పెట్టి చూద్దామంది. ఒకరోజు రబ్బరు తొడుగులు మార్చి చూద్దామని అతనే అన్నాడు. తొడుగు సరిగ్గా పట్టకపోతే కింది స్వరాలు కారిపోతాయట. ఇద్దరికీ ఏ జత మంచిదో మొదటిరోజే తెలుసు. అయినా అతను అడిగేవాడు, ఆమె ఆలోచించినట్టు ముఖం పెట్టి జవాబు చెప్పేది. ఇంటికి నడిచి వెళ్తూ ఉంటే రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే గాలిచక్రాల హోరు కూడా చెవికి ఆనేది కాదు.

క్రీస్తురాజు ఇక తేల్చమని కబురు పెట్టిన రోజున అతను తన సంచిలోంచి ఒక చిన్న ప్లేయర్, వైరున్న పాత ఇయర్‌ఫోన్లు తీశాడు.

"ఇవి చర్చికి కాదు, నావి. ఒకసారి వినండి."

విన్నది. ఒక ఆడమనిషి పాడుతోంది. వాయిద్యాలు లేవు. మైకు కూడా లేదు. ఎక్కడో ఒక కాకి అరిచింది. రెండో చరణానికి వచ్చేసరికి గానీ అది తన గొంతేనని ఆమెకు తెలియలేదు.

"రెండేళ్ల కిందట గుడ్ ఫ్రైడే రోజు కరెంటు పోయింది, గుర్తుందా?" అన్నాడతను. "ఫ్యాన్లు ఆగిపోయినాయి. మీరు ఆపకుండా అట్లానే పాడినారు. నా చేతిలో చిన్న రికార్డరు ఉంది, ఊరికే నొక్కినా. అప్పటి నుంచి ఏ ఇయర్‌ఫోన్లు చేతికొచ్చినా, ముందు ఇదే పెట్టి చూస్తా. మూడో చరణం ఎత్తుకునే ముందు మీరు ఊపిరి తీసుకుంటారు. మంచి జత అయితే అది వినపడతాది. పనికిమాలింది అయితే వినపడదు."

అతను అదంతా వస్తువు గురించి చెప్పినట్టే చెప్పాడు. చెప్పాక ఆమె వైపు చూడలేదు, వైరు చుట్టుకుంటూ ఉండిపోయాడు. రెండేళ్లుగా తన ఊపిరి ఒక మనిషి చెవిలో ఉందన్న సంగతి మెల్లగా ఆమెకు ఎక్కుతోంది.

"మూడోదే తీసుకుందామని పెద్దాయనకు చెప్పండి" అని ఇంటికి వెళ్లిపోయింది.

కొత్త మానిటర్లతో మొదటి ఆదివారం ఆమెకు ఊపిరాడలేదు. ఎదురుగా జనమంతా నోరు తెరిచి పాడుతున్నారు, ఒక్క గొంతూ వినపడటం లేదు. అద్దం వెనక నిలబడి పాడుతున్నట్టుంది. ఒక చెవిలోది తీసేసి పాట ఎలాగో ముగించింది. రెండో చెవిలో అతను, "పెట్టుకోండి షారన్ గారూ, వచ్చే వారానికి సరిచేస్తా" అన్నాడు.

సరిచేశాడు. వేదిక మీద జనం వైపు తిప్పి ఒక మైకు పెట్టి, దాన్ని ఆమె చెవిలోకి కలిపాడు. ఆ ఆదివారం పిల్లల ఏడుపు, బెంచీల కిర్రుమనడం, అందరికంటే ఒక మాట వెనకగా సాగే రెబెక్కమ్మ గొంతు, అన్నీ వచ్చాయి. షారన్ పాడుతూనే నవ్వింది. "రెబెక్కమ్మ గారు వచ్చినారా?" అన్నాడతను చెవిలో. ఆమె తల ఊపింది. దేవుణ్ని తలచుకుని ఊపుతోందనుకున్నారు చూసినవాళ్లు.

ఆ తర్వాత నెలల తరబడి అదే వాళ్లిద్దరి మాటామంతీ. 'అయ్యగారు ఆఖరి చరణం ఇంకోసారి పాడమంటున్నారు', 'మైకు కొంచెం దగ్గరికి పెట్టుకోండి', 'ఈ రోజు గొంతు బాగలేదా, నీళ్లు తాగండి.' బటన్ నొక్కినప్పుడు చిన్నగా టిక్కుమనేది. ఆ టిక్కు కోసం ఆమె వారమంతా ఎదురుచూసేది. అంతమంది మధ్య అతను తనకొక్కదానికే చెప్పేవి పనిమాటలే. వాటినే సోమవారం నుంచి శనివారం దాకా ల్యాబ్‌లో సీసాల ముందు నిలబడి మళ్లీ మళ్లీ వినేది.

దసరా వెళ్లాక ఒక ఆదివారం, డబ్బాలు తీసుకుంటూ అతను చెప్పాడు. చెన్నైలో పెద్ద పెద్ద కచేరీలకు సౌండ్ పెట్టే కంపెనీ వాళ్లు రమ్మన్నారట.

"ఎప్పటి నుంచో ఆశపడతా ఉండా. వచ్చే నెల పోవాల."

"మంచిదేగదండీ" అంది షారన్. "ఇక్కడ ఎవరు చూస్తారు?"

"క్రీస్తురాజు గారి అల్లుడికి నేర్పిస్తా ఉండా. పర్వాలేదు, పట్టుకున్నాడు."

అంతే. ఆమె ఇంటికి వచ్చి పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడింది. కరుణాకుమారి వచ్చి స్టవ్ ఆపి, "ఏందమ్మా, ఒంట్లో బాగలేదా?" అంది. బాగానే ఉందంది.

అతని చివరి ఆదివారం ఆరాధనకు ముందు, అలవాటు ప్రకారం మైకు సరిచూస్తున్నారు. బయటి స్పీకర్లు ఇంకా వేయలేదు. ఆమె మైకులో మెల్లగా ఏం మాట్లాడినా హెడ్‌ఫోన్లు పెట్టుకున్న అతనికి తప్ప ఎవరికీ వినపడదు. జనం ఒకరొకరే వచ్చి కూర్చుంటున్నారు.

"ఏదన్నా మాట్లాడండి" అన్నాడతను చెవిలో.

షారన్ మైకు పట్టుకుని అతని వైపు చూడకుండా, మామూలుగా పరీక్షకు చెప్పినట్టే చెప్పింది. "పోవద్దని అనను. మీకు ఇష్టమైన పని అది. కానీ మీరు పోతే నాతో మాట్లాడేవాళ్లు లేరు. ఈ మాట చెప్పకుండా పంపిస్తే నాకు బాధగా ఉంటాది. అందుకని చెప్తా ఉండా."

టిక్కుమంది. అతని ఊపిరి వినపడింది. చాలాసేపు ఆ బటన్ అలాగే నొక్కి పెట్టి ఉంచాడు. తర్వాత, "విన్నా" అన్నాడు. అయ్యగారు వేదిక ఎక్కారు. ఆ రోజు పాటలు ఎలా పాడిందో ఆమెకు గుర్తులేదు. బాగా పాడావని చాలామంది చెప్పారు.

అతను వెళ్లాడు. క్రీస్తురాజు అల్లుడు పని చక్కగానే నేర్చుకున్నాడు. చెవిలో గొంతు అంతే తేటగా ఉండేది, జనం మైకూ అలాగే ఉంది. ఏ లోపమూ లేదు. "అక్కా, రెడీనా?" అని అడిగేవాడు. రెడీ అని చెయ్యి ఎత్తేది.

మూడు వారాలకు అతను ఫోన్ చేశాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం సాయంత్రం చేసేవాడు. పెద్ద మైదానాల గురించి, గోడల్లా నిలబెట్టే స్పీకర్ల గురించి చెప్పేవాడు. ఆమె గుంటల నీళ్ల గురించి చెప్పేది. ఒకరోజు అతను, "మీ అన్నతో నేను మాట్లాడేదా?" అని అడిగాడు. ఆమె, "ముందు నేను చెప్తా" అంది.

అన్నం తినేటప్పుడు చెప్పింది. హెబ్రోను కలుపుతున్న చెయ్యి ఆపాడు.

"వాళ్లు మనవాళ్లు కాదుగదమ్మా."

"కాదు."

"సంఘంలో ఏమంటారో తెలుసునా? ఇంక నిన్ను ముందు నిలబెట్టి పాడనిస్తారా?"

"పాడనీకపోతే వెనక కూర్చుని పాడతా."

హెబ్రోను మళ్లీ అన్నం కలుపుకోసాగాడు. కోపగించుకోలేదు, సరేననీ అనలేదు. కరుణాకుమారి మాత్రం ఆమె కంచంలో ఇంకొంచెం చేపల పులుసు వేసి, "ఆయనకు కొంచెం టైమియ్యి" అంది నెమ్మదిగా. క్రిస్మస్ వెళ్లింది. ఇంట్లో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అయితే ఆదివారం సాయంత్రం ఫోన్ మోగితే హెబ్రోను టీవీ సౌండ్ తగ్గించి వాకిట్లోకి వెళ్లేవాడు. ఆమె కోసమే వెళ్లేవాడో, వినలేక వెళ్లేవాడో చెప్పలేం.

జనవరి చివర ఒక ఆదివారం అతను రోడ్డు మీద నుంచి మాట్లాడుతున్నాడు. హారన్ల మధ్య సగం మాటలు తెగిపోతున్నాయి. పాండిచ్చేరిలో ఏదో కచేరీ అట, ఆ తర్వాత కోయంబత్తూరట. నాలుగు వారాల దాకా సెలవు దొరకదన్నాడు. ఇంకా ఏదో చెప్పాడు, అది తెగిపోయింది.

షారన్ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"ఎప్పుడొస్తావు?" అంది.

అన్నాక గానీ తన నోట 'మీరు' పోయి 'నువ్వు' వచ్చిందని ఆమెకు తెలియలేదు. అవతల అతను నడవడం ఆపినట్టున్నాడు.

"ఇంకోసారి అను" అన్నాడు.