ఒక్కసారే అడిగాడు

మళ్లీ నా సంచీ అతని భుజం మీదే ఉంది, ఇమ్మని అడగలేదు, బస్సు దిగగానే రెండూ తనే తగిలించుకుని ముందు నడుస్తున్నాడు, అంటే కోపం లేదనే కదా, కోపం ఉన్నవాడు సంచీ మోస్తాడా, మోస్తాడు, మర్యాదస్థుడు కోపంలోనే ఎక్కువ మోస్తాడు, ఈ అర్దవాన్‌కి నాయిన్ ఊరు దాటినప్పటి నుంచీ మర్యాద మరీ ముదిరింది, మీరు కిటికీ పక్కన కూర్చోండి తూబా గారూ, టీ ఇంకొంచెం పోయమంటారా తూబా గారూ, అంతకు ముందు కాషాన్ బజారులో గులాబీ నీళ్ల సీసా దగ్గర ఓయ్ ఇస్ఫహానీ, నీ బేరం తెమిలేలోపు గులాబీలు మళ్లీ పూస్తాయి, కదులు అని అరిచిన మనిషే ఇతను, నేనూ ఊరుకోలేదు, షిరాజ్‌వాళ్లకి బేరమాడటానికి కూడా బద్ధకం, అందుకే మీ ఊళ్లో కొట్లవాళ్లంతా మేడలు కట్టారు అన్నాను, ఎంత నవ్వాడు, కళ్లజోడు జారి కింద పడేదాకా నవ్వాడు, ఊరందరికీ కళ్లజోళ్లు అమ్మేవాడు తన కళ్లజోడు కమ్మీకి దారం కట్టుకు తిరుగుతాడు, ఆ దారం ఇప్పుడు చెవి పక్కన గాలికి ఊగుతోంది, ఎంత ముద్దొస్తోందో ఈ మనిషికి ఎవరు చెబుతారు, బస్సు దింపిన ఈ ఖరానఖ్ ఊరి మట్టి గోడలు ఎండలో కాలిన రొట్టె రంగులో ఉన్నాయి, కింద లోయలో దానిమ్మలు ఎర్రగా పూశాయి, ఏడవాల్సిన రోజు ఇంత బాగుండటం ఏమిటి, సాయంత్రం యజ్ద్ బస్టాండులో అతను షిరాజ్ బస్సెక్కుతాడు, నేను ఇస్ఫహాన్ బస్సెక్కుతాను, చెరో దారి, ఇక నాకు మిగిలింది ఈ మధ్యాహ్నమే.

తప్పు ఎవరిదయ్యా అంటే నాదే, నూటికి నూరుపాళ్లు నాదే, అబియానేలో ఆ నియమం పెట్టింది నేను, ఆ ఎర్రమట్టి ఊళ్లో గులాబీల రుమాలు కట్టుకున్న ఒకావిడ గుమ్మంలోంచి రండి రండి భోజనాల వేళ అని పిలిస్తే, మనవాళ్లెవరైనా మొదటి పిలుపుకి వెళతారా, అబ్బే ఇప్పుడే తిన్నామండీ అన్నాం, ఆవిడ మళ్లీ పిలిచింది, ఎందుకండీ మీకు శ్రమ అన్నాం, మూడోసారి పిలుస్తుంది కదా, అప్పుడు ఒప్పుకుందాం అని ఇద్దరం కాళ్లు మార్చుకుంటూ నిలబడ్డాం, ఈలోగా లోపల పాలు పొంగాయి, ఆవిడ పరుగెత్తింది, మళ్లీ రాలేదు, వంటింట్లోంచి నేతి వాసన వస్తుంటే మేం కొండెక్కి పచ్చి బాదంకాయలు ఉప్పుతో నములుతూ కూర్చున్నాం, అప్పుడే సంచీ అడుగున దొరికిన ఎండు రొట్టె ముక్క మీద అతని చేయి పెట్టించి ప్రమాణం చేయించాను, ఈ దారిలో మొహమాటాలు బంద్, కావాలంటే కావాలి, వద్దంటే వద్దు, సరేనా అర్దవాన్, సరే తల్లీ, ఈ ఆకలి మీద ఒట్టు అన్నాడు, ఒట్టు వేశాక తప్పడని నాకేం తెలుసు, మగవాళ్లు ఒట్లు తప్పుతారని కదా లోకమంతా అంటుంది, నాకు దొరికినవాడు మాత్రం నిలబెట్టుకునే రకం.

నాయిన్ పాత మసీదు నేలమాళిగలో ఎంత చల్లగా ఉందని, పైన పాలరాతి పలకల్లోంచి పాలపొడి లాంటి వెలుగు దిగుతోంది, అతను కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు, తూబా, మిగతా దారి కూడా కలిసే నడుద్దామా, నన్ను పెళ్లి చేసుకుంటావా అన్నాడు, నా గుండె ఎగిరి గొంతులో కూర్చుంది, నా నోరు మాత్రం, ఈ నోటిని ఏం చేసినా పాపం లేదు, అయ్యో నేనెక్కడ మీరెక్కడ, నాకంటే మంచివాళ్లు దొరుకుతారు మీకు, వద్దులెండి అంది, అని నేను చాప మీదికి చూపు దించుకుని కూర్చున్నాను, ఎందుకంటే మరి పెళ్లికూతురు మొదటిసారికే ఒప్పుకుంటుందా, మా ఇంటి పెళ్లిళ్లన్నింటిలో పెళ్లికూతురి తల మీద తెల్లటి బట్ట పట్టి, కాపురంలో తీపి రాలాలని దాని మీద రెండు చక్కెర దిమ్మలు ఒకదానికొకటి రుద్దింది నేనే, పెళ్లి జరిపించే పెద్దాయన నీకు సమ్మతమేనా అని మొదటిసారి అడగగానే పెళ్లికూతురు పూలు కోయడానికి వెళ్లింది అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే, రెండోసారికి గులాబీ నీళ్లు తేవడానికి వెళ్లింది అని అరిచిందీ నేనే, మూడోసారికి ఆ పిల్ల తల వంచుకుని పెద్దల అనుమతితో సరే అంటే అందరికంటే ముందు ఏడ్చిందీ నేనే, అక్కలకి, చెల్లెళ్లకి, చివరికి నా దగ్గర రసాయనశాస్త్రం చదువుకున్న ఆడపిల్లలకి కూడా అరిచాను, నాకోసం అరిచే రోజు దాటిపోయిందిలే అనుకున్నాను, అలాంటిది నలభై మూడేళ్లకి ఒకడు అడిగాడు, అడిగించుకోవడం ఎలా ఉంటుందో ఇంకో రెండుసార్లు రుచి చూద్దామనుకున్నాను, అదే నా నేరం, అతను సరే అన్నాడు, ఒట్టి సరే, కళ్లజోడు పెట్టుకుని మెట్లెక్కాడు, పైకి వచ్చాక మీరు అని మొదలుపెట్టాడు.

ఆడదాన్ని, మళ్లీ అడగవయ్యా అని ఎలా అడగను, మేబోద్‌లో కోట మీద చెప్పబోయాను, గాలికి రుమాలు ఎగిరి నోటికి అడ్డం పడింది, బస్సులో చెప్పబోయాను, నిద్రపోయాడు, లేదా నిద్ర నటించాడు, ఇదిగో ఇప్పుడు ఈ ఇరుకు సందులో చెబుతాను, అర్దవాన్ అన్నాను, వెనక్కి తిరిగాడు, చెప్పండి అన్నాడు, ఆ అండితో నా ధైర్యం కాస్తా ఆవిరైపోయింది, నీళ్లు కావాలి అన్నాను, ఇచ్చాడు, దాహం లేకుండానే తాగాను, అంతలో పక్క గుమ్మంలోంచి వంగిపోయిన ఒక ముసలావిడ గరిటెతో సహా బయటికి వచ్చి ఎవరమ్మా ఈ ఎండలో, మాడిపోతారు, లోపలికి రండి, ఆకుకూరల ఆష్ జావ కాచాను తిందురుగాని అంది, అర్దవాన్ నా వైపు చూశాడు, నోటి చివర అబ్బే అనే మాట తయారుగా ఉంది, దాన్ని పట్టుకుని మింగేశాను, వస్తామమ్మా, బాగా ఆకలిగా ఉంది అన్నాను, ఆవిడ గరిటె గాలిలో ఆగిపోయింది, ఒక్క పిలుపుకే వస్తానన్న మనిషిని ఆ గుమ్మం ఎప్పుడూ చూసినట్టు లేదు, తర్వాత పళ్లు లేని నోటితో గలగలా నవ్వి, నీ నోరు చల్లగుండ, రెండోసారి పిలిచే ఓపిక నాకూ లేదులే, రండి అంది, కోకబ్ బీబీట ఆవిడ పేరు.

అబ్బ ఆ ఆష్, పుల్లగా వేడిగా గొంతులోంచి దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది, బీబీ నన్నూ అతన్నీ మార్చి మార్చి చూస్తూ ఈ అబ్బాయి నీకేమవుతాడు తల్లీ అంది, పెళ్లికాని ఇద్దరు కలిసి తిరుగుతున్నారని ఎవరూ అనకుండా దారి పొడుగునా చెప్పుకొచ్చిన అబద్ధమే చెప్పాను, మేనత్త కొడుకని, మా ఊళ్లో మేనత్త కొడుకులెవరూ రెండేసి సంచీలు మొయ్యరమ్మా, నిజం చెప్పు అంది, నవ్వొచ్చింది, నవ్వులో భయం జారిపోయింది, కాదు బీబీ, మొన్న నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగాడు, నేను వద్దన్నాను అని గబగబా చెప్పేశాను, అర్దవాన్ చేతిలో రొట్టె ఆగిపోయింది, బీబీ కళ్లు చిన్నవి చేసి ఎన్నిసార్లు అడిగాడు అంది, ఒక్కసారే అన్నాను, ఒక్కసారేనా, ఏ ఊరయ్యా నీది అని అతని వైపు తిరిగింది, షిరాజ్ అమ్మా అన్నాడు, అనుకున్నానులే, పెళ్లాన్ని రెండోసారి అడగటానికి కూడా బద్ధకమేనట్రా నీకు అని గరిటె ఎత్తింది, అతను ఎర్రబడిపోయి, లేదమ్మా, వద్దంటే వద్దే అని రొట్టె మీద ఒట్టు వేయించింది ఆవిడే, అడగాలని ప్రాణం కొట్టుకుపోతోంది, ఎలా అడగను అన్నాడు, ప్రాణం కొట్టుకుపోతోందట, ఈ చెవులతో విన్నాను, ఒట్టు వేసింది అతను కదా, నేను వేయలేదు కదా, నేనడగకూడదని ఎవరన్నారు, అర్దవాన్, నువ్వు నన్ను పెళ్లి చేసుకుంటావా అన్నాను, అతను నోరు తెరిచేలోపే బీబీ గిన్నెలు పక్కకి నెట్టి, కింద పరిచిన భోజనాల గుడ్డ సర్రున లాగి రొట్టె తుంపులతో సహా అతని తల మీద పట్టుకుని అరిచింది, పెళ్లికొడుకు పూలు కోయడానికి వెళ్లాడు!

రెండోసారి అడిగాను, పెళ్లికొడుకు గులాబీ నీళ్లు తేవడానికి వెళ్లాడు అని బీబీ అంటుండగానే అతను గుడ్డ కిందనుంచి చేయి చాచి నా సంచీలోంచి కాషాన్ సీసా తీసి ముందు పెట్టాడు, తెచ్చేశాడు తెచ్చేశాడు అని బీబీ ఊగిపోతూ నవ్వింది, మూడోసారి అడిగి ఆగాను, గుడ్డ కింద అతని ముఖం కనిపించదు, రొట్టె తుంపులు జుట్టులో రాలుతున్నాయి, ఏమంటాడో తెలియదు, ఈ ఒక్క క్షణం ఇంత పొడుగ్గా ఉంటుందని ఏ పెళ్లిలోనూ తెలియలేదే, నేనెప్పుడూ అరిచేవాళ్ల వైపే ఉన్నాను కదా, నాయిన్‌లో ఇతను ఇలాగే కూర్చున్నాడన్నమాట, ఇదే దడతో, నా వద్దులెండి విని, అయినా లేచి నా సంచీ భుజానికి తగిలించుకున్నాడన్నమాట, పెద్దల అనుమతితో అని గుడ్డ కిందనుంచి వినిపించింది, ఇక్కడ పెద్దదాన్ని నేనే, ఇచ్చాను, తొందరగా చెప్పి చావు అంది బీబీ, సరే తూబా, సరే అన్నాడు, బీబీ నాలుక ఆడిస్తూ పెట్టిన పెళ్లి కేకకి గోడల మీది పావురాలన్నీ లేచాయి, నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, అడిగించుకోవడంలోనే సుఖమంతా ఉందనుకుంటూ ఇన్నేళ్లు కూర్చున్నాను, కాదు, ఇదిగో ఈ మనిషే కావాలని నా నోటితో నేనే అడగటం, ఇంకా జవాబు తెలియక ఆ గుడ్డ వైపు చూస్తూ నిలబడటం, అదీ సుఖం.