పునుగుపిల్లి పెంట కవర్లు

ఆ పరిశోధనా కేంద్రంలో అన్నిటికన్నా భద్రంగా ఉండేది పెంట. పునుగుపిల్లుల పెంట. ఏది దేని బిడ్డో, ఏ చుట్టరికం ఎక్కడ తెగిందో అందులోని డీఎన్‌ఏ చెబుతుందని డాక్టరమ్మ ఆరేళ్లుగా పొదల్లో వంగి వంగి ఏరి, ఎండబెట్టి, కాగితం కవర్లలో దాచింది. మనుషుల వంశవృక్షాలలో ఇంత నిజాయితీ ఉండదని ఆమె నమ్మకం.

అలాంటిది ఒక్క నెలలో మూడు పునుగులు ఆవరణలోనే చచ్చిపడ్డాయి. నాలుగోది మెట్ల కింద తూలుతూ దొరికింది. బోనులో పెడితే కనీసం గుర్రుమనలేదు.

డైరెక్టరుగారి కాళ్లు మాత్రం నేల మీద ఆనడం లేదు. "కొత్త వైరస్ అయ్యుంటుందమ్మా! మన కేంద్రం పేరే పెట్టేద్దాం. పరీక్షల ఫలితం వచ్చేదాకా దానికి ఏ మందూ వేయకండి," అన్నారు.

డాక్టరమ్మ మూడో కళేబరాన్ని కోసి చూసింది. పొట్ట నిండా గడ్డకట్టని రక్తం. అది ఎలుకల మందు చేసే పని. మందు తిన్న ఎలుకను తింటే పునుగుకూ అదే గతి. చుట్టుపక్కల ఇళ్లవాళ్లను మనసులోనే నాలుగు తిట్లు తిట్టుకుని, స్టోరు చూసే బాబాయిని అడిగింది.

"ఇక్కడెవరైనా ఎలుకల మందు పెడతారా బాబాయ్?"

"అదేంటమ్మా, మీరే కదా! ఎలుకలు మీ పెంట కవర్లు కొరికేస్తున్నాయని గోలగోల చేసి సంతకం పెట్టారు. పన్నెండు డబ్బాలు పెట్టాం. ఒక్క కవరు పోతే ఒట్టు!" అన్నాడాయన గర్వంగా.

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్ల గురించి ఆమె విన్నదే. తను అంతకు రెండాకులు ఎక్కువే చదివింది: పెంటను కాపాడి పిల్లిని చంపింది. సిగ్గుతో చెవులు భగ్గుమన్నాయి.

విరుగుడు ఉంది, విటమిన్ కె. కానీ మందుల బీరువా తాళం డైరెక్టరుగారి దగ్గర. కారణం రాసిస్తే గానీ ఆయన ఇవ్వరు. రాస్తే ఆరేళ్ల పని నవ్వులపాలు, వచ్చే వారం పొడిగించాల్సిన ఉద్యోగం గోవిందా. రాయకపోతే బోనులోది తెల్లారేలోపు పోతుంది. దాని చిగుళ్లు అప్పటికే సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి.

రాసేసింది. "ఎలుకల మందు. పెట్టించింది నేనే."

డైరెక్టరుగారు చదివి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. "మధ్యలో మీరెందుకమ్మా? చుట్టుపక్కలవాళ్లు పెట్టారని రాయండి. వాళ్లేమైనా చదువుతారా?"

"నేను చదువుతాను కదండీ. ముందు తాళం ఇవ్వండి."

వైరస్ పోయిన దుఃఖంలో ఇచ్చేశారు. బాబాయి మందు డబ్బాలు ఏరిపారేస్తుంటే ఆమె సూది వేసింది. ఆ తర్వాత మూడు రోజులు పూటపూటా వేసింది.

నాలుగో రోజు పొద్దున బోనులో నీళ్లు మార్చబోతే, పునుగు గుర్రుమని ఎగిరి ఆమె వేలు కొరికేసింది.

"చూశారా, మంచికి పోతే ఇదీ వరస!" అంటూ బాబాయి ఆమెను కొళాయి దగ్గరికి లాక్కెళ్లాడు. "నడవండి, ఇక సూదులు మీ వంతు."

వేలు సబ్బుతో కడుక్కుంటూ ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. తక్కిన మూడింటికి, తనను కరిచే అవకాశం కూడా ఆమె ఇవ్వలేదు.